పావుగంట ఏకాంతంలో మనసు చేసే పని

విజయవాడ బీసెంట్ రోడ్డులో చీర కొని బయటికి వస్తున్నవారిని ఆపి, అన్ని చీరల్లో దాన్నే ఎందుకు తీసుకున్నారని అడిగితే జవాబు కోసం తడుముకోరు. అంచు బాగుందనో, రంగు తమకు నప్పుతుందనో, నేత గట్టిగా ఉందనో వెంటనే చెబుతారు. మనస్ఫూర్తిగా నమ్మే చెబుతారు. అయితే మన ఎంపికలకు మనం చెప్పుకునే కారణాలే అసలు కారణాలా అన్న ప్రశ్న మీద మనస్తత్వ శాస్త్రం 1977లోనే గట్టి సందేహం లేవనెత్తింది. రిచర్డ్ నిస్బెట్, తిమోతి విల్సన్ అనే పరిశోధకులు అమెరికాలోని ఒక దుకాణంలో నాలుగు జతల నైలాన్ మేజోళ్లను వరుసగా ఉంచి, వాటిలో నాణ్యమైనదేదో చెప్పమని వచ్చినవారిని కోరారు. నిజానికి నాలుగు జతలూ అచ్చంగా ఒకే రకానివి. అయినా కుడి చివరి జతను 40 శాతం మంది ఎంచుకోగా, ఎడమ చివరిదాన్ని ఎంచుకున్నవారు 12 శాతమే. కారణమేమిటని అడిగితే ఎవరూ తమంతట తాముగా వస్తువును పెట్టిన చోటు గురించి మాట్లాడలేదు. అది ప్రభావం చూపి ఉంటుందా అని సూటిగా అడిగినా దాదాపు అందరూ కాదనేశారు.

తనను తాను తెలుసుకోవడం గురించి ఆలోచించేవారు ఈ ప్రయోగాన్ని తప్పక గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం. కోపం వచ్చిందని, భయం వేసిందని, ఆకలిగా ఉందని మనకు తెలుస్తుంది. అది ఎందుకు కలిగిందో మాత్రం చాలాసార్లు మనకు నేరుగా తెలియదు. ఆ ఖాళీని మనసు వినడానికి సబబుగా తోచే కథతో నింపేస్తుంది. కాబట్టి ఒంటరిగా కూర్చుని "నేనెందుకిలా ఉన్నాను?" అని ఎంత లోతుగా ప్రశ్నించుకున్నా నిజం బయటపడుతుందన్న హామీ లేదు.

అలాగని ఏకాంతం ఉత్త ఖాళీ సమయమూ కాదు. మన శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతం, అది వాడుకునే శక్తి మాత్రం సుమారు 20 శాతం. ఏ పనీ లేకుండా కూర్చున్నా ఆ ఖర్చు పెద్దగా తగ్గదు. బయటి పని మీద దృష్టి పెట్టినప్పుడు మెదడులోని కొన్ని ప్రాంతాల చురుకుదనం తగ్గుతుందనీ, ఆ పని ఆగగానే అవే మళ్లీ పుంజుకుంటాయనీ మార్కస్ రైకిల్ బృందం 2001లో వివరించింది. వీటినే కలిపి ఇప్పుడు డీఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అంటున్నారు. గడిచిన సంగతుల్ని నెమరువేసుకోవడం, రేపటిని ఊహించుకోవడం, ఇతరులు మన గురించి ఏమనుకుంటున్నారోనని ఆలోచించడం వంటి వాటిలో ఈ వ్యవస్థకు పెద్ద పాత్ర ఉంది. అందుకే ఫోను పక్కన పెట్టి కూర్చున్న మరుక్షణం పాత మాటలూ, తీరని బాకీలూ వరుస కడతాయి. ధ్యానం తమవల్ల కాదని నిరాశపడేవారు అది తమ లోపమనుకోనక్కరలేదు, మెదడు తన మామూలు పని తాను చేస్తోందంతే.

ఆ స్థితిని భరించడం ఎంత కష్టమో అదే తిమోతి విల్సన్ 2014లో సహచరులతో కలిసి చూపించారు. ఖాళీ గదిలో పావుగంట ఒంటరిగా ఆలోచిస్తూ కూర్చోవాలి, కావాలనుకుంటే మీట నొక్కి స్వల్పమైన విద్యుత్ షాక్ తగిలించుకోవచ్చు. ఆ షాక్ తప్పించుకోవడానికి డబ్బయినా ఇస్తామని ముందే చెప్పినవారిలో కూడా, 18 మంది పురుషుల్లో 12 మంది, 24 మంది స్త్రీలలో ఆరుగురు మీట నొక్కారు.

అయితే 2018లో థూయ్-వీ న్గుయెన్, రిచర్డ్ రయాన్, ఎడ్వర్డ్ డెసీ ప్రచురించిన ప్రయోగాలు మరో కోణాన్ని చూపాయి. పావుగంట ఒంటరిగా గడిపినవారిలో కోపం, ఆందోళన వంటి తీవ్రమైన భావాలు తగ్గాయి, వాటితోపాటే ఉత్సాహం వంటివీ నెమ్మదించాయి. ఆ ఏకాంతాన్ని తామే కోరి ఎంచుకున్నప్పుడు విశ్రాంతి దొరికింది, ఒత్తిడి తగ్గింది. అంటే ఏకాంతం మొదట చేసే పని ఉద్రేకాన్ని చల్లార్చడమే, తనను తాను తెలుసుకోవడం ఆ తర్వాతి మాట.

ఆ చల్లారిన సమయంలో ఏం చేయాలన్నదానికి 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చేసిన ప్రయోగం నుంచి ఒక సూచన అందుతుంది. ఉద్వేగం నిండిన ముఖాల చిత్రాలు చూసి ఆ ఉద్వేగానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు, భయానికి స్పందించే ఎమిగ్డాలా అనే మెదడు భాగం చురుకుదనం తగ్గింది. గుంటూరు మిర్చి యార్డులో ధర పడిపోయిన రోజున టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్ముకుని ఇల్లు చేరిన రైతును ఊహించండి. "ఎందుకిలా అయింది?" అని కూర్చుంటే తప్పంతా తనదేననో, కమీషన్ వ్యాపారిదేననో మనసు తీర్పు చెప్పేస్తుంది. దానికి బదులు "ఛాతీ పట్టేసినట్టుంది, భయంగా ఉంది, వచ్చే నెల వాయిదా గుర్తొస్తోంది" అనుకుంటే అందులో కల్పనకు చోటు తక్కువ. దానివల్ల ధర పెరగదు, అప్పు తీరదు. కానీ భయాన్ని కోపమని పొరబడి ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడకుండా ఉండే అవకాశం కలుగుతుంది. నా దృష్టిలో ఇంటి ప్రశాంతతకు అది చిన్న విషయం కాదు.

ఇలా ఒంటరిగా కూర్చునే అవకాశం అందరికంటే తక్కువగా దొరికేది మన హాస్టల్ పిల్లలకు. విజయవాడ, గుంటూరు పరిసరాల్లో ఇంటర్ చదివే వేలాది విద్యార్థులకు తెల్లవారుజామున స్టడీ అవర్ మొదలుకొని రాత్రి లైట్లు ఆర్పేదాకా ప్రతి గంటా ఎవరో ఒకరి కళ్లముందే గడుస్తుంది, పడుకునే గదిలోనూ పక్కన నలుగురుంటారు. ఆ టైమ్‌టేబుల్‌లో రోజుకో పావుగంట ఖాళీగా వదలాలి. దాన్ని ధ్యానం పీరియడ్‌గా మార్చి హాజరు వేయకూడదు, ఎందుకంటే బలవంతంగా కూర్చోబెట్టిన ఏకాంతం ఆ ఫలితాన్నిస్తుందని పై ప్రయోగాలు చెప్పడం లేదు. కూర్చోవడమా, మైదానం చుట్టూ ఒక్కరే నడవడమా, డైరీలో నాలుగు మాటలు రాసుకోవడమా అన్నది విద్యార్థికే వదిలేయాలి, ఆ డైరీని వార్డెన్ తెరవకూడదు.