కృత్తికల్లో సూర్యుడి బాల్యం

కాజీపేట నుంచి హనుమకొండకు రాత్రిపూట సైకిలు మీద వచ్చే రోజుల్లో నా ముందు చక్రానికి డైనమో ఉండేది. గట్టిగా తొక్కితే దీపం ధగధగలాడేది, నెమ్మదిస్తే మిణుకుమిణుకుమనేది. డైనమోను టైరుకు ఆనించగానే తొక్కడమూ బరువయ్యేది. నక్షత్రాల ఎక్స్-కిరణాల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ సైకిలే గుర్తుకొస్తుంది.

సూర్యుడి లోపల, పైనుంచి వ్యాసార్థంలో దాదాపు మూడో వంతు లోతు వరకు, విద్యుదావేశం ఉన్న వాయువు ఎసరులా మరుగుతూ ఉంటుంది. ఆ మరుగుడుకు ఆత్మభ్రమణం తోడై అయస్కాంత క్షేత్రం పుడుతుంది. శాస్త్రవేత్తలు దీన్నీ డైనమో అనే అంటారు. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీల సెల్సియస్ ఉంటే, పైనున్న కరోనా, అంటే సూర్యుడి బయటి వాతావరణం, ఈ క్షేత్రం వల్ల 10 లక్షల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఎక్స్-కిరణాలు అక్కడివే. భూమి వాతావరణం వాటిని ఆపేస్తుంది కనుక అంతరిక్షంలోకి వెళ్లి చూడవలసిందే. 1978లో ప్రయోగించిన ఎక్స్-కిరణాల ఉపగ్రహం ఐన్‌స్టీన్ అబ్జర్వేటరీ పరిశీలనలతో 1981లో ఖగోళ శాస్త్రవేత్త పల్లవిచిని బృందం ఒక లెక్క చెప్పింది: నక్షత్రం తిరిగే వేగం రెట్టింపైతే ఎక్స్-కిరణాల కాంతి సుమారు నాలుగు రెట్లవుతుంది.

దీనికి హద్దు ఉంది. నక్షత్రం వెలువరించే మొత్తం శక్తిలో వెయ్యో వంతు దగ్గర ఆ పెరుగుదల ఆగిపోతుంది. అయస్కాంత మచ్చలు ఉపరితలమంతా నిండిపోవడం వల్లనా, డైనమో శక్తికే అది పరిమితా అన్న వాదన ఇంకా నడుస్తోంది.

ఇక డైనమో ఆనితే తొక్కడం బరువయ్యే సంగతి. నక్షత్రం నుంచి వీచే కణాల గాలి అయస్కాంత రేఖల వెంట చాలా దూరం సాగుతూ, భ్రమణాన్ని కొంచెం కొంచెంగా మోసుకుపోతుంది. వయసు నాలుగింతలైతే వేగం సగమవుతుందని 1972లో ఖగోళ శాస్త్రవేత్త స్కుమానిచ్ గుర్తించారు. 460 కోట్ల ఏళ్ల మన సూర్యుడు మధ్యరేఖ దగ్గర ఒక చుట్టు తిరగడానికి ఇప్పుడు 25 రోజులు తీసుకుంటున్నాడు.

అతని బాల్యం ఎలా ఉండేదో చూడాలంటే, కార్తిక పున్నమి దాటిన నాలుగైదు రోజులకు, వేయిస్తంభాల గుడిలో దీపాల సందడి తగ్గాక, చంద్రుడు రాకముందే భద్రకాళి చెరువు కట్ట మీద నుంచి తూర్పుకు చూడండి. కృత్తికలు పైకి వస్తుంటాయి. వాటి వయసు 12 కోట్ల ఏళ్ల ప్రాంతం. వెనకాలే రోహిణి చుట్టూ కనిపించే గుంపుకు 60 కోట్ల ఏళ్లు దాటాయి. (ఎర్రని రోహిణి మాత్రం ఆ గుంపుది కాదు, మనకు ఇంకా దగ్గరగా ఉంది.) రోహిణి గుంపులోని సూర్యుడి లాంటి నక్షత్రాలు చుట్టుకు సుమారు 8, 9 రోజులు తీసుకుంటాయి. కృత్తికల్లోవి అంతకన్నా చురుకు, వాటి ఎక్స్-కిరణాల కాంతి సూర్యుడికి వందరెట్ల స్థాయిలో ఉంటుంది.

కంటికి కనిపించే ఆ ఆరు కృత్తికలూ ఈ కథలోవి కావు. అవి చాలా వేడి నక్షత్రాలు, వాటి పైపొరల్లో ఆ ఎసరు మరగదు. అసలైనవి వాటి మధ్య ఉన్న మసక చుక్కలు, చిన్న టెలిస్కోపు ఉంటే తప్ప దొరకవు. నాకు వాటినే చూడాలని ఉంటుంది. వాటిలో కొన్ని ఒక పగలూ రాత్రీ గడవకముందే ఒక చుట్టు తిరిగేస్తున్నాయి.