మెరిసే రాళ్ళ జిల్లాల్లో బంగారం: అపోహలు - వాస్తవాలు

చీమకుర్తి క్వారీల నుంచి సైదాపురం తెల్లరాయి గనుల దాకా రాళ్ళతోనే నా ఉద్యోగం. జియాలజిస్టునని తెలిస్తే చాలు, ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా ఎవరో ఒకరు సంచిలోంచి ఒక రాయి తీసి "ఇందులో బంగారం ఉండాదా సార్?" అంటారు. అడగడంలో తప్పేం లేదు, రెండు జిల్లాల్లోనూ మెరిసే రాళ్ళకు కొదవ లేదు. కాకపోతే అది సగం ప్రశ్నే. ఏ మామూలు రాయిలోనైనా బంగారం ఆనవాలు ఉంటుంది. భూమి పైపొరలో సగటున టన్నుకు 4 మిల్లీగ్రాముల దాకా ఉంటుందని లెక్క. అసలు అడగాల్సింది టన్నుకు ఎన్ని గ్రాములని. ఈ రెండో ప్రశ్న వేసుకోకుండానే అప్పు చేసి బోర్లు వేయించినవాళ్ళూ, ఎవరి మాటో నమ్మి లక్షలు పోగొట్టుకున్నవాళ్ళూ నాకు తెలుసు. వాళ్ళను చూసే ఇది రాస్తున్నాను.

అపోహ: గెలాక్సీ గ్రానైట్‌లో మెరిసే చుక్కలు బంగారమే. కంపెనీలవాళ్ళు చెప్పరు.

చీమకుర్తి చుట్టుపక్కల ఇది అందరి నోటా వింటాను. నల్లటి పలక మీద పసిడి చుక్కలు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఇనుము, మెగ్నీషియం, సిలికా కలిసి ఏర్పడుతుంది, అందులో బంగారానికి చోటు లేదు. స్ఫటికం లోపల పల్చటి పొరలు ఒకే దిశలో పేర్చినట్టు ఉంటాయి. వెలుతురు వాటి మీద పడి తిరిగి వచ్చినప్పుడు ఆ రంగు కనిపిస్తుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. పాలిష్ పట్టిన చిన్న ముక్కను ఎండలో పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. ఇప్పటిదాకా వెలిగిన చుక్క ఒక కోణం దాటగానే ఆరిపోతుంది, పక్కనున్నది వెలుగుతుంది. బంగారం అలా ఆరిపోదు. నీడలో పెట్టినా, ఏ వైపు తిప్పినా పసుపు పసుపుగానే ఉంటుంది. ఇంకోటి, బంగారం మెత్తటి లోహం. పాలిష్ మిషన్ కింద పెడితే సాగి మరక పడుతుంది. బ్రాంజైట్ గట్టిది కాబట్టే అంచులు చెదరకుండా నిలిచింది. వ్యాపారులు అనే గ్రానైట్ పేరు కూడా శాస్త్రం ప్రకారం సరికాదు, ఇది గాబ్రో అనే వేరే జాతి రాయి. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన రాయి, దేశదేశాలకు ఎగుమతి అవుతోంది. దాని విలువ దానికుంది, బంగారం అరువు తెచ్చుకోనక్కర్లేదు.

అపోహ: వాన వెలిసాక మట్టిలో పసుపుగా మెరిస్తే కింద గని ఉన్నట్టే.

సైదాపురం, రాపూరు వైపు రోడ్డు పక్కన పాత మైకా గనుల చెత్త గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి. విద్యుత్ పరికరాలకు అభ్రకం అత్యవసరమైన రోజుల్లో నెల్లూరు మైకాకు ప్రపంచమంతా గిరాకీ ఉండేది. ఆ గుట్టల మీంచి వాననీళ్ళు పారితే తునకలు పొలాల్లోకి వస్తాయి. తెల్ల అభ్రకం వెండిలా మెరుస్తుంది. నల్ల అభ్రకం ఎండకూ వానకూ నాని పసుపు రంగుకు తిరుగుతుంది. జనం కాకిబంగారం అనేది ఎక్కువగా దీన్నే.

గోరుతో గీకి చూడండి. పొరలు పొరలుగా లేస్తే అభ్రకం. అదే జాతిలో వర్మిక్యులైట్ అనేది కూడా నెల్లూరు జిల్లాలో దొరుకుతుంది. ఒక తునకను గరిటెలో వేసి స్టవ్ మీద బాగా కాల్చండి. పొరల మధ్య నీరు ఆవిరై, తునక పురుగులా ఉబ్బి పొడవు సాగుతుంది. నర్సరీల్లో కుండీల మట్టిలో కలిపేది ఇదే. బంగారం 1064 డిగ్రీల దాకా కరగదు, ఉబ్బదు, రంగు మారదు.

పైరైట్ అనే ఖనిజం ఇంకా మోసగిస్తుంది. ఇత్తడి రంగులో, బరువుగా ఉంటుంది. సుత్తితో కొడితే పొడి అవుతుంది, బంగారమైతే రేకులా సాగుతుంది. పింగాణీ పలక వెనక, గ్లేజు లేని గరుకు వైపు గీస్తే పైరైట్ నల్లటి గీత పెడుతుంది, బంగారం పసుపు గీత పెడుతుంది. మీరు తెచ్చే రాళ్ళలో చాలావాటికి ఈ రెండు పరీక్షలు చాలు, నా దగ్గరికి రావాల్సిన పనే లేదు.

అపోహ: పలుగురాయి (క్వార్ట్జ్) ఉన్నచోట బంగారం ఉంటుంది.

ఇందులో కొంత నిజముంది. లవణాలు కలిసిన వేడినీరు భూమి లోతుల్లోంచి పగుళ్ళ వెంట పైకి వస్తూ సిలికాతోపాటు బంగారాన్నీ మోసుకొస్తుంది. చల్లబడేటప్పుడు రెండూ ఆ పగుళ్ళలోనే గడ్డకడతాయి. కర్ణాటకలోని కోలార్, హట్టి, మన రామగిరి, చిగురుగుంట బంగారమంతా దాదాపు ఇలా వచ్చిందే, పాత అగ్నిపర్వత శిలల్లోని సన్నటి పలుగు చారికల్లో. అయితే సైదాపురం, పొదలకూరు వైపు దొరికే తెల్లరాయి కథ వేరు. అది పెగ్మటైట్, అంటే కరిగిన శిల చివర్లో మిగిలిన ద్రవం గడ్డకట్టగా ఏర్పడిన రాయి. అందుకే పక్కనే అభ్రకం, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటాయి. ఆ క్వార్ట్జ్‌కు ధర పలికేదే అందులో లోహాలు అతి తక్కువ కాబట్టి. అందులో బంగారం వెతకడం శుద్ధ దండగ. ఈ రెండు జిల్లాల్లో ఎక్కడా నడుస్తున్న బంగారు గని లేదు. రాష్ట్రంలో చూడాలంటే కర్నూలు జిల్లా జొన్నగిరి వైపు వెళ్ళాలి.

అపోహ: గనిలో బంగారం ముద్దలుగా కనిపిస్తుంది.

గనిలో బతుకంతా పనిచేసినా కంటికి కనిపించే బంగారం చూడని వాళ్ళుంటారు. పైన తవ్వే గనిలో టన్ను రాయికి ఒక గ్రాము ఉన్నా గిట్టుబాటు కావచ్చు. ఒక గ్రాము అంటే పరిమాణంలో నాలుగైదు మొలగొలుకుల బియ్యపు గింజలంత. ఆ నాలుగైదు గింజల పదార్థం కంటికి ఆనని రేణువులై టన్ను రాయంతా చెల్లాచెదురుగా ఉంటుంది. రాయిని పిండి చేసి, అందులోని బంగారాన్ని సయనైడ్ ద్రావణంలో కరిగించి తీయాలి. ఈ పద్ధతి 1887లో వచ్చాకే పేద ఖనిజం కూడా లాభసాటి అయింది. పాదరసం పోసి ఇంట్లోనే బంగారం తీయొచ్చని యూట్యూబ్‌లో చూపిస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. వేడి చేసినప్పుడు లేచే పాదరసం ఆవిరి నరాలను, కిడ్నీలను దెబ్బతీస్తుంది, ముందు ప్రమాదం ఇంట్లో పిల్లలకే.

కోలార్ గురించి ఒక మాట. అక్కడ బంగారం అయిపోయిందనుకుంటారు. 120 ఏళ్ళలో సుమారు 800 టన్నులు తీశాక, 2001 ఫిబ్రవరి 28న గనులు మూశారు. అప్పటికి లోతు 3 కిలోమీటర్లు దాటింది. అంత కింద రాయి ఒళ్ళు కాలేంత వేడిగా ఉంటుంది, ఒత్తిడికి ఉన్నట్టుండి పేలుతుంది. గ్రాముకయ్యే ఖర్చు గ్రాము ధరను మించిపోయింది. లోపల బంగారం ఇంకా ఉంది. ఈ లెక్క తెలిస్తే "మా పొలంలో ఉంది, ఎందుకు తవ్వరు" అనే ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

అపోహ: పుట్టమన్నులో బంగారం ఉంటుందనేది మూఢనమ్మకం.

కాదు. చెదపురుగులు లోతు నుంచి మట్టి పైకి తెస్తాయి, దానితోపాటు కింది శిలల ఆనవాళ్ళూ వస్తాయి. పుట్టమన్ను తీసి ల్యాబ్‌లో పరీక్షించడం మా సర్వేల్లో ఒక పద్ధతి. కానీ అక్కడ కనిపించేది వంద కోట్ల వంతుల్లో కొన్ని వంతులు. అది ఎక్కడ వెతకాలో చెబుతుంది, అంతే. పుట్టను తవ్వి కడిగితే ఏమీ మిగలదు.

అపోహ: పెన్న ఇసుకలో, సముద్రపు నీళ్ళలో బంగారం తీయొచ్చు.

వరద తగ్గాక ఇసుక మీద కనిపించే నల్లటి చారలు మాగ్నటైట్, ఇల్మనైట్. అయస్కాంతం పెడితే సగం అంటుకుంటాయి. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు, ఉంటే ఆ నల్ల ఇసుకలోనే దిగాలి కాబట్టి వెతకాల్సిన చోటు మాత్రం అదే. సముద్రం సంగతికొస్తే, జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హాబర్ 1920లలో తమ దేశపు యుద్ధపు బాకీలు తీర్చడానికి ప్రయత్నించి వదిలేశాడు. పది కోట్ల టన్నుల నీటికి ఒక గ్రాము అంటే ఎవరికి గిట్టుతుంది?

అపోహ: నెల్లూరులో పాత బంగారు నాణేలు దొరికాయి కాబట్టి పూర్వం ఇక్కడ గనులుండేవి.

1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు కొండవాలులో దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల పేర్లున్నవీ, ఫాస్టినా రాణివీ. అంటే రెండో శతాబ్దపు డబ్బు. ఆ బంగారం మన నేలలో పుట్టలేదు, ఓడ మీద వచ్చింది. మన మిరియాలకు, ముత్యాలకు, నూలు బట్టలకు రోమ్ బంగారం ఇచ్చేది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు (రోమన్ నాణేలు) లాగేసుకుంటోందని రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే వాపోయాడు. ఇప్పటికీ అంతే. దేశంలో గనుల నుంచి వచ్చేది ఏడాదికి ఒకటి రెండు టన్నులు, దిగుమతయ్యేది వందల టన్నులు.

ఆ రైతు నాణేలను పాత బంగారం కింద అమ్మేశాడు. ముప్పై పైచిలుకు మాత్రం ఆర్కాటు నవాబు కొడుకు చేతికి చేరాయి. కరిగిపోయిన వాటిలో ఏ చక్రవర్తుల బొమ్మలున్నాయో ఇక ఎవరూ చెప్పలేరు.

గుప్త నిధుల పేరుతో ఉదయగిరి కోటలోనో పాడుబడ్డ గుళ్ళలోనో గునపాలు దించేవాళ్ళు చేసే నష్టం కూడా ఇలాంటిదే. అంజనం వేసి నిధి చూపిస్తామనేవాళ్ళు, బియ్యాన్ని లాగుతాయంటూ రైస్ పుల్లింగ్ చెంబులమ్మేవాళ్ళు మోసగాళ్ళు, ఇందులో రెండో మాట లేదు. బంగారం బియ్యాన్ని లాగదు, ఏ లోహమూ లాగదు. నిజంగానే పొలంలో ఏదైనా దొరికితే 1878 నాటి నిధుల చట్టం ఉంది. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలి. హక్కుదారులు ఎవరూ తేలకపోతే మామూలుగా దొరికినవాళ్ళకు మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. దాచిపెడితే వాటా పోవడమే కాదు, జైలు కూడా ఉంది.