విమాన దూరాల మీద మన జిల్లాలో వినిపించే అపోహలు

శ్రీకాకుళంలో విమాన టికెట్లు బుక్ చేసే పని నాది. గల్ఫ్‌లో వెల్డింగ్, ఫిట్టింగ్ పనులకు వెళ్లే ఉద్దానం కుర్రాళ్లు, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు ఎక్కువగా వస్తుంటారు. దూరం గురించి చాలామంది అనుకునేవి ఇంచుమించు ఇవే.

అపోహ: మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసిన గీతే దగ్గర దారి. విమానం ఉత్తరానికి పోయి ఊరికే చుట్టు తిరుగుతోంది.

వాస్తవం: భూమి గుండ్రం, మ్యాప్ బల్లపరుపు. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే దారం ఒక కొస శ్రీకాకుళం మీద, రెండో కొస అమెరికాలోని డల్లాస్ మీద పెట్టి బిగించి లాగండి. అది జపాన్ వైపూ పోదు, యూరప్ వైపూ పోదు. నిటారుగా పైకెళ్లి ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి అవతలికి దిగుతుంది. మనం దాదాపు 84 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాం, డల్లాస్ 97 డిగ్రీల పశ్చిమాన ఉంది. కలిపితే 181. అంటే భూగోళానికి దాదాపు సరిగ్గా అవతలి పక్క. ఈ దారిలో దూరం సుమారు 14,300 కిలోమీటర్లు. మ్యాప్‌లో కనిపించే అడ్డగీత పట్టుకుని పోతే మరో మూడు వేలకు పైనే అవుతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మహిళా పైలట్లు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగానే విమానం తెచ్చారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో! కాబట్టి సీటు ముందు స్క్రీన్ మీద గ్రీన్‌లాండ్ కనిపిస్తే టెన్షన్ పడకండి.

అపోహ: కిలోమీటర్లు పెరిగితే టైమూ పెరగాల్సిందే.

వాస్తవం: పైన పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే గాలి చాలా బలమైనది. ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని ఎయిర్ ఇండియా 2016లో అట్లాంటిక్ వదిలి పసిఫిక్ మీదుగా, అంటే తూర్పు వైపుగా నడిపింది. దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణ సమయం మాత్రం తగ్గింది. గాలి వెనక నుంచి తోసింది మరి.

దుబాయ్ దగ్గర, సింగపూర్ దూరం అనుకోవడమూ పొరపాటే. విశాఖ నుంచి రెండూ ఇంచుమించు 3,000 కిలోమీటర్లే. ఛార్జీ కూడా కిలోమీటర్ల లెక్కన ఉండదు. సీజను, సీట్ల గిరాకీ చూసి పెడతారు.

అపోహ: టికెట్ మీది రెండు టైములకు మధ్య తేడాయే ప్రయాణ సమయం.

వాస్తవం: ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. రాత్రి 10 గంటలకు అక్కడ ఎక్కి నాలుగు గంటలు ప్రయాణిస్తే, ఇక్కడ దిగేది తెల్లవారుజామున మూడున్నరకు. అప్పటికి తేదీ కూడా మారిపోతుంది. ఎయిర్‌పోర్టుకి కారు మాట్లాడుకునేవాళ్లు బయలుదేరే తేదీ కాదు, దిగే తేదీ చూడాలి. టికెట్‌లో దిగే టైము పక్కన +1 ఉంటే మర్నాడని అర్థం.