పిల్లికూన మెదడు తోడుకునే వారాలు

మిర్యాలగూడ నుంచి ఒక టీచరమ్మ ఉత్తరం రాశారు. ఇంటి పక్క రైస్ మిల్లులో గోనె సంచుల సందున ఒక పిల్లికూన దొరికిందట. కళ్లు తెరిచింది, చెవులు నిలబడుతున్నాయి, నడిస్తే మాత్రం పక్కకు ఒరిగిపోతోంది. తల్లి కోసం ఎదురుచూశారు, రాలేదు. ఇంట్లో చూస్తే ఎనిమిదేళ్ల ఆడకుక్క. "మా కుక్క దీన్ని బతకనిస్తుందా? కుక్క పక్కన పెరిగితే దీనికి పిల్లి బుద్ధులు వస్తాయా, కుక్క బుద్ధులు వస్తాయా? మా అత్తమ్మయితే వాటికి పుట్టుకతోనే పగ, తెచ్చిపెట్టుకోవద్దంటున్నారు" అని అడిగారు.

ఆ పుట్టుక పగ మాటను దాదాపు వందేళ్ల కింద ఒకాయన నిజంగానే పరీక్షకు పెట్టాడు. ఆయన చైనా మనస్తత్వ శాస్త్రవేత్త జింగ్-యాంగ్ కువో. పిల్లి ఎలుకను చంపడం రక్తంలోంచి వస్తుందా, పెంపకంలోంచి వస్తుందా అన్నది ఆయన ప్రశ్న. ఫలితాలు 1930లో అచ్చయ్యాయి. ఎలుకల్ని చంపే పెద్ద పిల్లుల దగ్గర పెరిగిన 21 కూనల్లో 18 చంపడం నేర్చాయి. ఒంటరిగా పెరిగిన 20లో 9 చంపాయి. చిన్నప్పటి నుంచీ ఎలుకతో కలిసి ఒకే బోనులో పెరిగిన 18లో చంపినవి మూడే. ఆ మూడు కూడా తమతో పెరిగిన రకం ఎలుక జోలికి పోలేదు. పిల్లికీ ఎలుకకే ఇలా ఉంటే, పిల్లికీ కుక్కకీ మధ్య పగను పుట్టుక మీదికి ఎలా నెడతాం? వేటాడే నేర్పు చాలావరకు పుట్టుకతోనే వస్తుంది. ఎవరిని వేటాడాలి, ఎవరి పక్కన ముడుచుకుని పడుకోవాలి అన్న లెక్క మాత్రం మొదటి కొన్ని వారాల్లో పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఆ వారాలు ఏవన్నదే అసలు విషయం. పిల్లికూనకు అవి సుమారు రెండో వారం నుంచి ఏడో వారం దాకా. అమెరికాలోని టెంపుల్ యూనివర్సిటీలో పరిశోధకురాలు ఐలీన్ కార్ష్ 1980ల్లో దీన్ని వరసగా పరీక్షించారు. మూడో వారం నుంచి రోజూ ఎత్తుకుని నిమిరిన కూనలు పెద్దయ్యాక మనిషి ఒళ్లో ఎక్కువసేపు ఉన్నాయి. ఏడో వారంలో మొదలుపెట్టినవి అంత చేరువ కాలేదు. రోజుకు 15 నిమిషాలు నిమిరిన వాటికన్నా 40 నిమిషాలు నిమిరినవి ఎక్కువ మాలిమి అయ్యాయి.

పాలు తోడుపెట్టే పనితో పోల్చి చూడండి, ప్రతి మెట్టూ సరిపోతుంది. కాగిన పాలను దించిన వెంటనే తోడు వేస్తే ఫలితం ఉండదు, ఆ వేడికి తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పుట్టిన మొదటి వారం కూన అలాంటిదే. కళ్లూ చెవులూ మూసుకుని ఉంటాయి. పక్కన ఎవరున్నా దానికి అందేవి వెచ్చదనం, వాసన, ఒంటికి తగిలే స్పర్శ, అంతే. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు చెంచాడు తోడు చాలు, గిన్నె మొత్తం తోడుకుంటుంది. రోజుకు 40 నిమిషాలు ఆ చెంచా లాంటివే. పూర్తిగా చల్లారిపోయాక గరిటెడు వేసినా పొద్దున్నకు పాలు పాలలాగే ఉంటాయి. ఆ గోరువెచ్చని సమయం మన కోసం ఆగదు, మనం వేరే పనిలో ఉన్నా పాలు చల్లారుతూనే ఉంటాయి. కుక్కను పరిచయం చేసినా చేయకపోయినా కూనకు ఏడో వారం వచ్చేస్తుంది. చలికాలంలో గిన్నెకు గుడ్డ చుట్టి ఇంకాస్త సమయం సంపాదించుకున్నట్టు, ఏడు వారాలు దాటిన కూనను కూడా ఓపికతో మాలిమి చేసుకోవచ్చు, శ్రమ ఎక్కువ పడుతుంది. తోడు ఎలాంటిదైతే పెరుగు అలాంటిదే అన్న సంగతి కూడా మర్చిపోకూడదు. పాడైన తోడు వేస్తే గిన్నెడు పెరుగూ తీగలు సాగుతుంది. ఆ వారాల్లో స్నేహం ఎంత గట్టిగా తోడుకుంటుందో భయమూ అంతే గట్టిగా తోడుకుంటుంది. నాలుగో వారంలో కుక్క ఒక్కసారి మీదపడి మొరిగిందంటే కుక్క వాసన తగిలినప్పుడల్లా ఆ కూన వీపు పైకి లేస్తుంది. తోడుకున్న పెరుగును మళ్లీ పాలు చేయలేం.

మెదడులో ఇలాంటి గడువు ఒకటుందని మొదట స్పష్టంగా చూపించిందీ పిల్లికూనలే. డేవిడ్ హ్యూబెల్, టార్స్టెన్ వీసెల్ అనే శాస్త్రవేత్తలు 1960ల్లో కూనల ఒక కంటి రెప్పను కొన్ని వారాలు కుట్టి ఉంచి, తర్వాత తెరిచారు. కన్ను బాగానే ఉంది, రెటీనా బాగానే ఉంది. కానీ మెదడు వెనక భాగంలో చూపును అర్థం చేసుకునే విజువల్ కార్టెక్స్ ఆ కంటి మాట వినడం మానేసింది. అక్కడి నాడీకణాలు తెరిచి ఉన్న కంటికే దాదాపు మొత్తంగా అంకితమైపోయాయి. పెద్ద పిల్లికి అదే పని చేస్తే ఏమీ కాలేదు. నాలుగో వారంలో ఈ ప్రభావం అత్యంత తీవ్రంగా ఉంటుంది, మూడు నెలలకు తగ్గిపోతుంది. ఈ పరిశోధనకు 1981లో నోబెల్ వచ్చింది. ఇంత మెత్తగా ఉన్న మెదడు తర్వాత ఎందుకు గట్టిపడుతుంది? గాబా అనే రసాయనంతో పక్క కణాలకు బ్రేకు వేసే పార్వాల్బ్యుమిన్ నాడీకణాలు ముదిరే కొద్దీ, వాటి చుట్టూ కాండ్రాయిటిన్ సల్ఫేట్ ప్రోటియోగ్లైకాన్లతో, అంటే చక్కెర గొలుసులు అతికిన ప్రోటీన్లతో, ఒక వల అల్లుకుంటుంది. పేరు పెరీన్యూరోనల్ నెట్. అది బిగిశాక కొత్త కనెక్షన్లు కష్టం. 2002లో పెద్ద ఎలుకల్లో ఒక ఎంజైముతో ఆ వలను కరిగిస్తే, విజువల్ కార్టెక్స్ మళ్లీ చిన్నప్పటిలా మారడానికి సిద్ధమైంది.

ఆ కూనల బాధను తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. పుట్టుకతో శుక్లంతో పుట్టిన పసిబిడ్డకు ఆపరేషన్ ఆలస్యం చేయకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పగలుగుతున్నది వాటి వల్లే. మన బడుల్లో కన్ను బొమ్మ గీయించి భాగాలు గుర్తించమంటాం, ఈ కథ మాత్రం చెప్పం. ఇది చెబితే ఏ పిల్లవాడైనా ఆ బొమ్మను వేరే కళ్లతో చూస్తాడు.

ఇక కుక్క సంగతి. కుక్కపిల్లకు గడువు సుమారు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా. పాలమూరు వైపు గొంగళ్లకు ఉన్నినిచ్చే నల్ల గొర్రెల మందల వెంట కురుమల కుక్కలు నడవడం చూసే ఉంటారు. మందలోనే గొర్రెపిల్లల మధ్య పెరిగిన కుక్క గొర్రెను తరమదు, గొర్రె మీదికొచ్చిన దాన్ని తరుముతుంది. రేమండ్ కాపింగర్, లోర్నా కాపింగర్ 1970ల చివరి నుంచి అమెరికాలో కాపలా కుక్కల మీద పనిచేసి చెప్పింది ఇదే: నాలుగు నెలలు నిండకముందే కుక్కపిల్లను గొర్రెల్లో కలపాలి.

టీచరమ్మ గారి కుక్కకు ఆ గడువు ఏడేళ్ల కిందే ముగిసింది. అది చిన్నప్పుడు పిల్లుల్ని చూస్తూ పెరిగిందా అన్నది మొదట గుర్తుతెచ్చుకోవాల్సిన విషయం. చూడకపోతే కుక్కకు కూనను బంధువును చేయలేం. దానిలోని వేట వరస మొదలవకుండా చూడగలం. ఆ వరస ఇలా సాగుతుంది: చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టి కరవడం, చంపే కాటు. ఒక మెట్టు తర్వాతి మెట్టును లేపుతుంది. తరమడాన్ని లేపేది పరుగు. మూడు వారాల కూన పరుగెత్తదు, పాకుతుంది. అందుకే మొదట్లో ముసలి కుక్క దాన్ని వాసన చూసి, నాకి, వదిలేస్తుంది. ఇంట్లో అందరూ "హమ్మయ్య" అనుకుంటారు. ఆరో వారం దాటాక కూన ఒక్కసారిగా గెంతుతూ ఉరకడం మొదలుపెడుతుంది. అసలు టెన్షన్ పడాల్సింది అప్పుడు. నెల రోజులు ప్రేమగా నాకిన కుక్కే ఆ పరుగుకు ఎగిరి పట్టుకోవచ్చు. అది కొరకాలనుకోకపోయినా అరకిలో ఒళ్లు ఆ దవడలకు ఆగదు. ఆ రోజులు వచ్చేసరికి కుక్కకు గొలుసుతో కూర్చోవడం, పిలిస్తే మీ వైపు తిరగడం అలవాటై ఉండాలి. నోరు మూసి, ఒళ్లు బిగించి, రెప్ప వేయకుండా కూనను చూస్తుంటే వెంటనే అక్కడినుంచి తప్పించండి. ముఖం పక్కకు తిప్పుకుని ఒళ్లు వదులుగా పెట్టుకుంటే భయం లేదు.

కూన దొరికిన వాళ్లందరికీ ఒక మాట. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఏడు అన్న లెక్కను వదిలేయండి, మిగతాది మన పెద్దవాళ్లు సరిగ్గా గమనించిన సంగతి. తల్లి పిల్లి చోటు మారుస్తుంది, ఒక్కొక్క కూననే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. ఒంటరిగా కనిపించిన కూన సగంలో ఉన్న మకాం మార్పు కావచ్చు. దూరం నుంచి కొన్ని గంటలు చూడండి, మీరు అక్కడే నిలబడితే తల్లి రాదు. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్న భయం మాత్రం అక్కర్లేదు.

తల్లి రాకపోతే ముందు వెచ్చదనం, తర్వాతే పాలు. చిన్న కూన ఒంటి వేడిని సొంతంగా నిలుపుకోలేదు, చల్లబడిన కూనకు పేగులు పనిచేయవు. నల్లగొండ ఎండల్లో ఈ మాట వింతగా ఉంటుంది గానీ, కూలర్ గాలి నేరుగా తగిలే చోట పెట్టిన కూన ఎండాకాలంలోనే చలికి పోతుంది. ఆవు పాలల్లో ప్రోటీను పిల్లి పాలల్లో ఉన్న దాంట్లో సగం కూడా ఉండదు, బర్రె పాలు కూడా చాలవు. పిల్లికూనల పాలపొడి పెట్ షాపుల్లో దొరుకుతుంది. బోర్లా ఉంచి పట్టాలి, వెల్లకిలా పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూడు వారాల లోపు కూనకు తడిగుడ్డతో కింద తుడిస్తేనే మూత్రం, మలం వస్తాయి. కుక్క నాకితే ఆ పనీ అదే చేసిపెడుతుంది. కూన కరిచినా గీరినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లండి.

ఒక్క ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. కుక్కకు పిడుదులు పోవడానికి వాడే మందుల్లో చాలావాటిలో పర్మెత్రిన్ ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో అలా బయటికి పంపే పనికి (గ్లూకురోనిడేషన్ అంటారు) కావాల్సిన ఎంజైములు చాలా తక్కువ, అందుకే అది ఒంట్లో నిలిచిపోయి వణుకు, ఫిట్స్ వస్తాయి. మందు రాసిన కుక్కను ఆనుకుని పడుకున్నా, దాని బొచ్చు నాకినా కూన చచ్చిపోవచ్చు. పారాసెటమాల్ కూడా అదే కారణంతో పిల్లికి విషం. డబ్బా మీది పేరు చదవండి, పశువైద్యుడికి ఇంట్లో పిల్లి కూడా ఉందని చెప్పండి.

కుక్క బుద్ధులు వస్తాయా అన్న ప్రశ్న మిగిలింది. జంతువుల ప్రవర్తనను పరిశోధించిన మైఖేల్ ఫాక్స్ 1969లో దీన్ని తిరగేసి చూపించాడు. చివావా కుక్కపిల్లల్ని ఒక్కొక్కటిగా పిల్లికూనల మధ్య పెంచితే, అవి తర్వాత తోటి కుక్కపిల్లల కంటే పిల్లుల దగ్గరికే పోయాయి. మీ కూన కూడా కుక్కను తనవాళ్లలో లెక్కపెట్టుకుంటుంది. అయినా నాలుగో వారం దాటగానే ఎవరూ నేర్పకుండానే తట్టలో ఇసుక తవ్వి కప్పుతుంది. పొంచి దూకుతుంది. భాష విషయంలో రెండూ సర్దుకుంటాయి. టెల్ అవీవ్ యూనివర్సిటీ వాళ్లు 2008లో ఒకే ఇంట్లో పెరిగిన కుక్కల్నీ పిల్లుల్నీ గమనించారు. తోక ఆడిస్తే కుక్కకు సంతోషం, పిల్లికి చిరాకు. అయినా చిన్నప్పుడే కలిసిన జంటల్లో ఎక్కువ భాగం ఎదుటిదాని సైగను సరిగ్గానే చదివాయి. కుక్కలు పిల్లి మర్యాదలో ముక్కుకు ముక్కు తాకించి పలకరించడం కూడా నేర్చాయి. అయితే పిల్లి ముందు వచ్చి, కుక్కకు ఏడాది నిండకుండా ఉన్న ఇళ్లలో పని తేలిక. మీ ఇంట్లో కుక్క ముందు, అదీ ఎనిమిదేళ్లది. కాబట్టి కూన మూడు నాలుగు నెలలదై సొంతంగా సజ్జ మీదికి ఎక్కేదాకా రెండింటినీ ఒంటరిగా వదలొద్దు. స్టూలు, బీరువా, సజ్జ ఒకదాని పక్కన ఒకటి ఉండేలా జరిపిపెడితే దానికి దారి దొరుకుతుంది. కుక్కకు కూడా కూన రాలేని ఒక మూల ఉంచండి. ఆ వయసులో కీళ్లు నొస్తుంటాయి, నిద్రలో నడుం మీద దూకితే ఎంత మంచి కుక్కయినా కసురుతుంది.