పిల్లి పగబట్టలేదండీ, దానికి ఎక్కడో నొప్పిగా ఉంది: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, మా పిల్లి మా ఆవిడ మీద పగబట్టిందండీ." ఒక్క నెలలో ఇది మూడోసారి వినడం. ఈయనైతే పిల్లిని బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి తెచ్చేశాడు, ఎక్కడైనా వదిలేద్దామనుకుంటున్నాం, మీకు తెలిసిన షెల్టర్ ఉంటే చెప్పండి అని. నాలుగేళ్ళు వాళ్ళ పక్కలో పడుకున్న పిల్లి, రెండ్రోజుల్లో రెండుసార్లు కరిచిందట. హైదరాబాద్‌లో చిన్న జంతువుల క్లినిక్ నాది, పధ్నాలుగేళ్ళుగా ఇదే మాట వింటున్నా, ఒకసారి రాసి పెట్టేస్తే ప్రతిసారీ గొంతు చించుకోవక్కర్లేదని ఇప్పుడు కూర్చున్నా.

అపోహ: పిల్లి పగబట్టింది, పొగరెక్కింది, రెండు తగిలిస్తే దారికొస్తుంది.

పగ అంటే మనసులో పెట్టుకుని, అదను చూసి దెబ్బ తియ్యాలి. పిల్లి బుర్రకి అంత ఓపిక లేదండీ. భయపడిన చోటు గుర్తుంటుంది, నొప్పెట్టిన చెయ్యి గుర్తుంటుంది, అంతే. ఇన్నేళ్ళూ సాధువులా ఉన్న పిల్లి ఉన్నట్టుండి కరవడం మొదలెట్టిందంటే నేను మొదట అడిగేది దాని కోపం గురించి కాదు, యూరిన్ గురించి. నిన్నటి నుంచి పోసిందా? ఎంత పోసింది? లిట్టర్ ట్రేలో (అది ఒంటికీ రెంటికీ వెళ్ళే ట్రే) ఎన్నిసార్లు కూర్చుంటోంది?

బుట్టలో వచ్చినవాడి పొట్ట మెల్లిగా పట్టి చూశాను, మూత్రాశయం బత్తాయికాయంత అయి గట్టిగా రాయిలా ఉంది. మగపిల్లికి మూత్రం వచ్చే దారి చాలా సన్నం, స్ఫటికాలో జిగురో అడ్డం పడితే మూసుకుపోతుంది. ఇంట్లోవాళ్ళు చూశారు, చూడక కాదు, ట్రేలో కూర్చుని ముక్కుతోంది అంటే మలబద్ధకమేమో అనుకుని ఆముదం పట్టించారు. ఆవిడేమో పాపం బుజ్జగిద్దామని పొట్ట కింద చెయ్యేసి ఎత్తుకుంది, కరిచింది. కరవదా మరి? దానికి మాట రాదు, ఉన్నవి పళ్ళే. మత్తిచ్చి క్యాథెటర్ వేశాం, రక్తపరీక్షలు చేశాం, నాలుగో రోజుకి తిండి తిని మళ్ళీ ఆవిడ ఒళ్ళోనే కూర్చుంది. ఆయన బుట్ట మాత్రం మా దగ్గరే మర్చిపోయి వెళ్ళాడు, ఇప్పటికీ ఉంది.

అన్నీ ఇలా ముగియవు. పూర్తిగా మూసుకుపోతే 24 నుంచి 48 గంటల్లో కిడ్నీలు చేతులెత్తేస్తాయి, రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండె ఆగిపోతుంది. ఒక కుటుంబం, కరిచింది కాబట్టి బుద్ధి రావాలని బాత్రూంలో పెట్టి గడియ వేశారు, ఒక రాత్రి, మర్నాడు పగలంతా. సాయంత్రం తెచ్చేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది, సెలైన్ ఎక్కుతుండగానే టేబుల్ మీద పోయింది. ఆ ఇంటి అమ్మాయి, ఇంటర్ చదువుతుందేమో, "రాత్రంతా అరుస్తూనే ఉంది ఆంటీ, తలుపు తీద్దామనుకున్నా, నాన్న వద్దన్నారు" అంది. వాళ్ళ నాన్నని నేనేమీ అనలేదు. ఆయనకి ఎవరు చెప్పారని?

కాబట్టి మగపిల్లి, పదే పదే ట్రేలోకి వెళ్తోంది, చుక్క రావట్లేదు, కింద నాక్కుంటోంది, ముట్టుకుంటే కరుస్తోంది అంటే రాత్రి రెండైనా సరే, తెల్లారేదాకా ఆగొద్దు. ఫోన్ చేసి లేపండి, తిట్టినా పర్లేదు.

యూరిన్ బాగానే ఉంటే మిగతావి చూస్తాం. పంటి నొప్పి, చెవిలో ఇన్ఫెక్షన్, ముసలి పిల్లికి కీళ్ళ నొప్పులు, పదేళ్ళు దాటినవాటిలో థైరాయిడ్ ఎక్కువవడం (ఇది ఉంటే బాగా తింటూనే చిక్కిపోతుంది, చిరాకు పడుతుంది). బయట తిరిగే పిల్లికైతే ఇంకోటుంది, గొడవలో వేరే పిల్లి పన్ను దిగుతుంది, పైన చిన్న గాటు మానిపోతుంది, లోపల చీము పడుతుంది, మీరు ముద్దుగా సరిగ్గా అక్కడే నిమురుతారు.

నొప్పి అన్నాను కదా అని దయచేసి పారాసెటమాల్ వెయ్యకండి. మన జ్వరం మాత్ర ఒక్కటి చాలు పిల్లిని చంపడానికి, దాని లివర్ ఆ మందుని విరగ్గొట్టలేదు, చిగుళ్ళు గోధుమరంగుకి తిరిగి ఊపిరాడక పోతుంది. పసిపిల్లల సిరప్ అయినా అంతే.

ఇక కొట్టడం. తలుపులు మూసి కొడితే పిల్లి కూడా పులవుతుందని మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు, మా సబ్జెక్టులో ఇంతకన్నా సరైన మాట నేను చదవలేదు. మెడ పట్టుకుని విదిలించడం, మొహం మీద నీళ్ళు కొట్టడం, చీపురు చూపించడం, వీటన్నిటికీ అది నేర్చుకునేది ఒక్కటే, ఈ మనిషి ప్రమాదం అని.

అపోహ: ఏ కారణమూ లేకుండా మీద పడింది.

కారణం చాలాసార్లు కిటికీ బయట ఉంటుంది. బాల్కనీ మెష్ అవతల ఏదో వీధి గండుపిల్లి వచ్చి కూర్చుంటుంది, మనవాడికి ఒళ్ళంతా మండుతుంది, దాన్ని అందుకోలేడు, అప్పుడే మీరు కాఫీ కప్పుతో పక్కనుంచి వెళ్తారు. ఆ కోపం మీ పిక్క మీద దిగుతుంది. మీమీద కాదు అది, మీరు దొరికారు అంతే. బాంబుల చప్పుడు, నిమజ్జనం డప్పులు, వంటింట్లో గిన్నె పడిన శబ్దం, వీటికీ ఇంతే.

నాకే జరిగింది. దీపావళి రాత్రి, కింద ఎవరో లక్ష్మీ బాంబు పేల్చారు, మా ఇంట్లో చుక్క (నా పిల్లే, ఏడేళ్ళది) సోఫా వెనక్కి దూరి బుస్సుమంటోంది. ఊరందరికీ ముట్టుకోవద్దు ముట్టుకోవద్దు అని చెప్పే డాక్టరమ్మ, అయ్యో భయపడిందే అని చెయ్యి పెట్టి బయటికి లాగింది. బొటనవేలిలో పన్ను దిగింది. కడిగాను, పెద్దగా ఏం లేదులే అనుకుని పడుకున్నాను, పొద్దున్నకి వేలు వంకాయలా వాచింది. పిల్లి పన్ను సూదిలాంటిది, పైన చుక్కంత గాటు, లోపల మాత్రం బ్యాక్టీరియాని నేరుగా కీలు దాకా దింపేస్తుంది. వారం రోజులు యాంటీబయాటిక్స్ మింగి, ఎడంచేత్తో ఇంజెక్షన్లు చేశాను, మా అసిస్టెంట్ కుర్రాడు ఇప్పటికీ నవ్వుతాడు.

అలాంటప్పుడు చెయ్యాల్సింది: కళ్ళల్లోకి చూడొద్దు, పేరు పెట్టి పిలవొద్దు, ఎత్తుకోవడానికి అసలు పోవద్దు. మధ్యలో దిండో అట్టపెట్టో అడ్డం పెట్టుకుని వెనక్కి నడవండి. లైటు ఆర్పి, కర్టెన్ వేసి, నీళ్ళూ ట్రే అక్కడే ఉంచి తలుపు దగ్గరికి వేసి వచ్చెయ్యండి. ఇది శిక్ష కాదు, ఊపిరి పీల్చుకోనివ్వడం. పావుగంటలో చల్లబడుతుందనుకుంటారు, కొన్నిటికి గంటలు పడుతుంది, కొన్నిటికి రెండ్రోజులు కూడా. అదే వచ్చి కాళ్ళకి రాసుకునే దాకా ఆగండి. ఇంట్లో రెండు పిల్లులుండి అవి కొట్టుకుంటే విడివిడి గదుల్లో పెట్టి, మూసిన తలుపుకి అటొకటి ఇటొకటి అన్నం పెడుతూ మెల్లిగా కలపాలి. క్లినిక్ నుంచి వచ్చిన పిల్లి మీద ఇంట్లో ఉన్నది పడేది కూడా వాసన మారిపోయే, గుర్తుపట్టక.

అపోహ: పిల్లి కరిచిందంటే రేబిస్సే. / ఇంటి పిల్లే కదా, ఏం కాదు.

రెండూ తప్పే, నాకు రెండోది వింటేనే ఎక్కువ భయం. ముందు సబ్బుతో ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి, గడియారం చూసి మరీ. కారం, సున్నం, కాఫీ పొడి పెట్టొద్దు. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, గవర్నమెంట్ హాస్పిటల్లో వ్యాక్సిన్ ఫ్రీనే, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) చాలామందికి తెలుసు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అని ఇంకా భయపడేవాళ్ళున్నారు, ఆ కాలం పోయిందమ్మా, ఇప్పుడు చేతికే, 0, 3, 7, 14, 28 రోజుల్లో (చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 14వ రోజుది ఉండదు). రక్తం వచ్చిన గాటైతే గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ (వ్యాక్సిన్ పనిచెయ్యడం మొదలెట్టేదాకా కాపాడే యాంటీబాడీల మందు) కూడా కావాలి, గుర్తు చేసి అడగండి. పిల్లిని 10 రోజులు గమనించాలి, అది బాగుంటే ఆ కాటుతో రేబిస్ రానట్టే, కానీ ఆ 10 రోజులూ అయ్యాక వ్యాక్సిన్ వేయించుకుందాంలే అని కూర్చోకూడదు, మొదలుపెట్టేసి గమనించాలి. ఈ పది రోజుల్లో రాత్రిళ్ళు నిద్రపట్టక మెసేజ్‌లు పెట్టేవాళ్ళుంటారు, పెట్టండి, నాకేం విసుగు లేదు.

మిగతావి గబగబా. మాంసం పెడితే క్రూరంగా మారదు, పిల్లి పుట్టుకే మాంసాహారి, పెరుగన్నం మీదే పెంచితే టారిన్ (మాంసంలో దొరికే పోషకం) అందక కళ్ళూ గుండే దెబ్బతింటాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే మగపిల్లుల కొట్లాటలు బాగా తగ్గుతాయి, మర్నాడే కాదు, కొన్ని వారాలకి, కానీ నొప్పివల్ల, భయంవల్ల కరవడం దానితో పోదు. నిమురుతుంటే కరిచింది అంటారా, అంతకుముందే తోక టపటపా కొట్టి ఉంటుంది, చెవులు పక్కకి వాల్చి ఉంటుంది, వీపు మీద చర్మం అలలాగా కదిలి ఉంటుంది, మీరు ఫోన్ చూసుకుంటున్నారు. పిల్లకూనగా ఉన్నప్పుడు వేళ్ళతో ఆడించి, పెద్దయ్యాక వేళ్ళు కరుస్తోందంటే నేనేం చెయ్యను, తాడుకి ఈక కట్టి ఆడించండి. దిష్టి తీయడం వల్ల నష్టం లేదు, ఆ ఎండుమిర్చి పొగ మాత్రం పిల్లి ఉన్న గదిలో వద్దు.

చివరిగా ఒక్క పని చేసి పెట్టండి. ఇంట్లో అది అలా చేస్తున్నప్పుడు దూరం నుంచి ఒక వీడియో తియ్యండి, ట్రేలో కూర్చున్నది కూడా. ఎందుకంటే నా టేబుల్ మీదికి రాగానే అది కళ్ళు మూసుకుని ముడుచుకుని బొమ్మలా కూర్చుంటుంది, మీరేమో చేతికి కట్టుతో పక్కన నిలబడి "నిజం మేడమ్, ఇంట్లో పులండీ" అంటుంటారు.