ఎంగిలి గాలి లెక్క

“ఇంకో మహమ్మారి వస్తే మళ్లీ పెళ్లికి 50 మందే అంటారా? బతుకమ్మ ఆడుకోవచ్చా?” అని హన్మకొండ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ అడిగారు. కరోనా రోజుల్లో వాళ్లింట్లో పెళ్లి రెండుసార్లు వాయిదా పడిందట. నన్నడిగితే దీనికి జవాబంతా ‘ఎంగిలి’ అనే మాటలోనే ఉంది.

చెంబుకు మూతి ఆనించి తాగితే మన పెద్దవాళ్లు ఊరుకోరు, ఎత్తి పోసుకోమంటారు. గాలి దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టింపు ఉండదు. తలుపులు మూసిన ఫంక్షన్ హాల్లో ఇతరుల ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన గాలినే మళ్లీ పీలుస్తాం. కరోనా పెద్ద గుంపుల్లో పాకింది ఎక్కువగా ఆ దారినే.

ఈ ఎంగిలిని కొలవొచ్చు. బయటి గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000, అంటే 4 శాతం. బళ్లో సున్నపు తేటలోకి ఊది తెల్లబడటం అందరికీ చూపిస్తారు. ఈ 4 శాతం సంగతి కూడా చెబితే ఆ ప్రయోగం జీవితాంతం పనికొస్తుంది. హాల్లో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే మీటరు 1600 చూపించిందనుకోండి. అందులోంచి 420 తీసేసి 40,000తో భాగిస్తే 3 శాతం వస్తుంది. నిమిషానికి 15 చొప్పున 2 గంటల పెళ్లిలో 1800 సార్లు ఊపిరి తీసుకుంటాం. అందులో 54 ఊపిర్లంత గాలి ఎంగిలిదే! కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేసి మీటరును 800కు దించితే అది దాదాపు 17కి తగ్గుతుంది. మీటరు కొనేటప్పుడు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఉన్నదే తీసుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ 4.26 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను బాగా పీల్చుకుంటుంది. ఎంత తగ్గాయో చూసి మీటరు లెక్క కడుతుంది. చవక మీటర్లలో కొన్ని వేరే వాయువులను చూసి అంచనా వేస్తాయి, వాటిని నమ్మలేం.

ఇక అసలు లెక్క. తలా ఎంత మోతాదు పీలిస్తే 100 మందిలో 63 మందికి జబ్బు అంటుకుంటుందో, దాన్ని వెల్స్ అనే శాస్త్రవేత్త ‘క్వాంటమ్’ అన్నాడు. 500 మంది ఉన్న హాల్లో రోగి ఒక్కడే, గంటకు 100 క్వాంటాలు వదులుతున్నాడనుకుందాం. ఎంగిలి 3 శాతం, సమయం 2 గంటలు. మిగతావాళ్లంతా కలిసి పీల్చేది 0.03 × 100 × 2, అంటే 6 క్వాంటాలు. అది అందరి మధ్య పలచగా పంచుకుంటే క్వాంటమ్‌కు దాదాపు ఒకరి చొప్పున, అంటే దాదాపు 6 మందికి జబ్బు అంటుకుంటుంది. ఈ గుణకారంలో 500 అనే అంకె ఎక్కడా లేదు, చూశారా! మీటరు అదే 1600 చూపించే చిన్న గదిలో 50 మందే ఉన్నా దాదాపు ఆరుగురికే అంటుకుంటుంది. మంది పెరిగితే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది, కానీ పంచుకునేవాళ్లు పెరుగుతారు. అలాగని తలలు లెక్కపెట్టడం దండగ కాదు. ఊళ్లో వెయ్యికి ఒకరికి జబ్బు ఉంటే, 50 మందిలో రోగి ఉండే అవకాశం 5 శాతం, 500 మందిలో 39 శాతం. అయినా 50 మందిని బిగించిన ఏసీ గదిలో కూర్చోబెట్టి రూల్ పాటించామనుకుంటే నాకు చాలా బాధేస్తుంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న ఎంగిలినే చల్లబరిచి మళ్లీ ఇస్తుంది.

2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 61 మంది ఒక హాల్లో రెండున్నర గంటలు బృందగానం సాధన చేశారు. 53 మందికి జబ్బు చేసింది, ఇద్దరు చనిపోయారు. గొంతెత్తి పాడితే నోటి నుంచి వచ్చే సన్నని తుంపరలు చాలా పెరుగుతాయి. బతుకమ్మా పాటే కదా? కానీ పద్మాక్షి గుట్ట దగ్గర ఆరుబయట మీటరు 420 చుట్టూనే తిరుగుతుంది. పండగ మొదటి రోజు ఆడే ఎంగిలిపూల బతుకమ్మలో ఎంగిలి పేరులోనే ఉంది, గాలిలో దాదాపు లేదు. ఒక్క జాగ్రత్త: మొహంలో మొహం పెట్టి మాట్లాడేటప్పుడు వచ్చే ఊపిరిని దూరంగా పెట్టిన మీటరు పట్టలేదు, అందుకని వలయాల మధ్య ఎడం కావాలి. మేడారం జాతరలోనూ ఇంతే. గద్దెల దగ్గర తోపులాట లేకుండా చూసుకోవాలి. కిటికీలు మూసిన బస్సులో గంటల కొద్దీ వెళ్తే జాతర కంటే ముందు ఆ ప్రయాణం గురించే టెన్షన్ పడాలి.

హాలు గుమ్మంలో వేపాకులు కట్టి, పసుపునీళ్లు చల్లి, సాంబ్రాణి వేస్తే వైరస్ పోతుందని చాలామంది నమ్మారు. సాంబ్రాణి వైరస్‌ను ఆపదు గానీ, మీటరు లేనివాళ్లకు ఒక ఉపకారం చేస్తుంది. పెళ్లికి ముందు రోజు ఖాళీ హాల్లో కాస్త పొగ వేసి చూడండి. పావుగంటైనా అక్కడే తేలుతుంటే ఆ హాల్లో గాలి ఆడటం లేదు.

టీచరమ్మ గారూ, అన్నాల దగ్గర అందరూ మాస్కు తీస్తారు, మాటలూ అక్కడే ఎక్కువ. కాబట్టి బంతి బయట షామియానా కింద వేయించండి. పక్కన పరదాలు మాత్రం కట్టనివ్వకండి, నాలుగు వైపులా కడితే అదీ హాలే.