వెయ్యి కోట్ల నుంచి అనంతం దాకా

తిరుపతి నుంచి కాణిపాకానికి అతి దగ్గర దారి కనుక్కునే ప్రోగ్రాము రాయమని ల్యాబ్‌లో అడిగితే, విద్యార్థి మొదట చేయవలసిన పని కొంత వింతగా ఉంటుంది. ఇంకా ఏ దారీ తెలియదు కనుక, బయలుదేరే ఊరు తప్ప మిగిలిన ప్రతి ఊరి దూరాన్నీ అనంతమని రాసుకోవాలి. తిరుపతి నుంచి చిత్తూరుకు సుమారు 70 కిలోమీటర్లని తెలిసిన క్షణాన, అనంతం కంటే 70 చిన్నది కాబట్టి పాత విలువ చెరిగిపోతుంది. 1959లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ప్రచురించిన పద్ధతిని నేడు తరగతుల్లో బోధించే తీరు ఇదే.

అయితే ఆ అనంతాన్ని ఏమని టైపు చేయాలి? ఒకరు 9999 అని రాస్తారు. మరొకరు 32 బిట్ల పూర్ణాంకాల్లో అన్నిటికంటే పెద్దదైన 2147483647ను వాడతారు. రెండోవారి జాగ్రత్తే వారిని ముంచుతుంది. జావా భాషలో ఆ సంఖ్యకు 70 కలిపితే, పరిమితి దాటిన లెక్క రుణ సంఖ్యల వైపు తిరిగి −2147483579 వస్తుంది కనుక, ఇంకా చేరనే లేని ఊరు అన్నిటికంటే దగ్గరి ఊరైపోతుంది.

ఈ ఇబ్బంది విద్యార్థులది మాత్రమే కాదు. రాబర్ట్ ఫ్లాయిడ్ 1962లో ప్రచురించిన ప్రసిద్ధ దారుల ప్రోగ్రాములో, నేరుగా దారి లేని రెండు చోట్ల మధ్య దూరాన్ని 10 ఘాతం 10గా, అంటే వెయ్యి కోట్లుగా, పెట్టుకున్నారు. నెట్‌వర్క్‌లో సమాచారానికి దారి చూపే రూటర్ల కోసం 1988లో ప్రమాణపత్రంగా వెలువడిన రిప్ అనే పద్ధతి ఇంకా పొదుపరి: అందులో అనంతం విలువ 16. పదిహేను అంచెలు దాటితే చేరలేని చోటు కిందే లెక్క.

లెక్కల్లో అనంతం ఎదురయ్యే మరో చోటు సున్నతో భాగించడం; మన గణితంలో అది పాత తగువే. దాదాపు 850 ప్రాంతపు మహావీరాచార్యుడు, సున్నతో భాగించినా సంఖ్య మారదన్నాడు. ఆయన గణితసారసంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. 1150 నాటి బీజగణితంలో భాస్కరాచార్యుడు సున్నతో భాగించగా వచ్చే రాశిని ఖహరమని పిలిచి, ఎంత కలిపినా తీసినా దానికి మార్పు లేదని చెప్పాడు. యంత్రాలు చివరకు అనుసరించినది భాస్కరుణ్ణే, కాకపోతే దారి వేరు.

బెర్లిన్‌లో కొన్రాడ్ జూసె 1941లో పూర్తిచేసిన జెడ్3 గణన యంత్రమే, సంఖ్య ఎంత పెద్దదో సూచించే ఘాతాంకపు విలువల్లో ఒకదాన్ని అనంతానికి కేటాయించింది. 1964 నాటి సీడీసీ 6600 కంప్యూటర్‌లోనూ అనంతానికీ, నిర్ణయించలేని ఫలితానికీ వేర్వేరు గుర్తులుండేవి. కానీ ఒక్కో తయారీదారుదీ ఒక్కో పద్ధతి కావడంతో, ఒక యంత్రంపై సాఫీగా నడిచిన లెక్క మరో యంత్రంపై ఆగిపోయేది. ఈ గందరగోళాన్ని సరిచేసిన ప్రయత్నానికి కేంద్రబిందువు బర్కిలీ ఆచార్యుడు విలియం కహాన్. ఆయన సలహాతో రూపొందిన ఇంటెల్ 8087 చిప్పు 1980లో రాగా, దశాంశ సంఖ్యల లెక్కకు అన్ని యంత్రాలకూ ఉమ్మడిగా ఉద్దేశించిన ఐఇఇఇ 754 ప్రమాణం 1985లో ఆమోదం పొందింది. 1989లో ఆయనకు కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ పురస్కారం లభించింది.

ప్రమాణం చేసిన ఏర్పాటు సరళమైనది. 64 బిట్ల దశాంశ సంఖ్యలో ఘాతాంకానికున్న 11 బిట్లూ ఒకట్లై, భిన్న భాగంలోని 52 బిట్లూ సున్నలైతే అది అనంతం. మిగిలిన ఒక్క బిట్టు అది ధనమో రుణమో చెబుతుంది. ఈ గుర్తు గురించే పెద్ద చర్చ జరిగింది. ధన, రుణ దిక్కులు రెండూ ఒకే అనంతంలో కలుస్తాయనే పద్ధతిని కూడా 8087 అనుమతించింది గానీ, తుది ప్రమాణం రెండు అనంతాలనే నిలుపుకొంది. దాని వెంటే రెండు సున్నలూ వచ్చాయి: ఒకటిని ధన సున్నతో భాగిస్తే ధన అనంతం, రుణ సున్నతో భాగిస్తే రుణ అనంతం. అనంతం నుంచి అనంతాన్ని తీసివేస్తే మాత్రం ‘సంఖ్య కాదు’ అని అర్థమిచ్చే నాన్ వస్తుంది. ఏ పరిమిత సంఖ్యనైనా అనంతంతో భాగిస్తే మిగిలే శేషం, సీ భాషలో, ఆ సంఖ్యే. శేషుడికే అనంతుడని పేరున్న శేషాచలం కింద కూర్చుని చదివేవారికి ఈ నియమం గుర్తుపెట్టుకోవడం కష్టం కాకూడదు.

పూర్ణాంకాలకు ఈ సౌకర్యం దక్కలేదు. వాటి బిట్ల అమరికలన్నీ మామూలు సంఖ్యలకే ఖర్చయిపోవడం అందుకు కారణం. అందుకే జావాలో 1.0ను 0.0తో భాగిస్తే అనంతం వస్తుంది, 1ని 0తో భాగిస్తే ప్రోగ్రాము దోషం చూపుతుంది. పైథాన్ భాష రెండు చోట్లా దోషమే చూపుతుంది, అయినా అనంతాన్ని అడిగి తీసుకోవచ్చు. 2015లో వచ్చిన 3.5 వెర్షన్ నుంచి దానికి గణిత మాడ్యూల్లో సొంత పేరు కూడా ఉంది. సంఖ్యను ఒక చోటి నుంచి మరో చోటికి పంపేటప్పుడు చిక్కు మళ్లీ మొదలవుతుంది. ప్రోగ్రాముల మధ్య సమాచారం పంపుకునే జేసన్ రూపంలో అనంతానికి చోటు లేనందువల్ల, జావాస్క్రిప్ట్ భాష దాన్ని నల్‌గా, అంటే ‘విలువ లేదు’ అనే గుర్తుగా, మార్చి పంపుతుంది. అవతలి జావాస్క్రిప్ట్ ప్రోగ్రాము ఆ నల్‌ను 70తో పోల్చినప్పుడు సున్నగా లెక్కిస్తుంది కాబట్టి, ఇంకా దారే దొరకని కాణిపాకం చిత్తూరు కంటే దగ్గరైపోతుంది.